పలుచని ల్యాప్‌టాప్ - గుణదోష విచారణ

2008వ సంవత్సరము జనవరి 15వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సభ జరిగినది. ఆపిల్ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ ఆ సభలో, కార్యాలయములలో కాగితములు పంపుటకు వాడు సాధారణపు కవరు నొకదానిని చేతబట్టి, దానిలోనుండి ఒక కంప్యూటరును బయటికి తీసి చూపెను. సభికులు చప్పట్లు చరచిరి. ఆ యంత్రము పేరు మాక్‌బుక్ ఎయిర్. దాని మందము దళసరి అంచున 1.94 సెంటీమీటర్లు, పలుచని అంచున 0.4 సెంటీమీటరు. బరువు 1.36 కిలోగ్రాములు, వెల 1,799 డాలర్లు. కవరులో ఏమి పట్టినదో లోకమంతయు చూచినది. ఏమి పట్టలేదో కొన్నవారు తరువాత చూచిరి. కాంపాక్టు డిస్కులను చదువు భాగము అందులో లేదు. యు.ఎస్.బి. పోర్టు ఒక్కటే యుండెను. 2 గిగాబైట్ల మెమరీ లోపలి పలకకు సోల్డరు చేయబడియుండుటచే దానిని పెంచుకొను వీలు లేకపోయెను.

ఆనాటినుండి ఖరీదైన ల్యాప్‌టాప్‌లకు పలుచదనమే పెద్దరికపు చిహ్నమైనది. ప్రకటనలలో మొదట కనబడు అంకె మిల్లీమీటర్లది. బంగారము కొనువారు తూకము అడిగినట్లు, కంప్యూటరు కొనువారు మందము అడుగుట నేర్చిరి. అయితే ఒక వస్తువును పలుచన చేయుట వలన దాని లోపల జరుగు పనులు పలుచన కావు. విద్యుచ్ఛక్తి ఖర్చగుచునే యుండును. ఖర్చయిన శక్తి వేడియై బయటికి పోవలసియే యుండును. మీట నొక్కిన వ్రేలికి, నొక్కితినన్న సంగతి తెలియవలెను. చెడిన భాగమును ఎవరో ఒకరు విప్పి చూడవలెను. పలుచదనమునకు మూల్యము చెల్లించుచున్నది ఈ మూడు ఖాతాలనుండియే. అది తగిన బేరమా, కాదా అనునదే ఇక్కడి ప్రశ్న. పరీక్షకు ఒకే సంస్థ యంత్రములు ముఖ్యముగా తీసికొనబడినవి. ఏలయన, ఒకే చేతిపని కొన్నియేండ్లలో ఎట్లు తప్పి ఎట్లు సర్దుకొనినదో అందు స్పష్టముగా కనబడును.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. భుజమునకు సంచి తగిలించుకొని బడికి నడచు ఉపాధ్యాయునికి తెలియునది బరువే గాని మందము కాదు. మందము కంటికి సంబంధించిన విషయము. 2020లో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్ దళసరి అంచున 16.1 మిల్లీమీటర్లుండెను, దాని బరువు 1.29 కిలోగ్రాములు. 2022లో వచ్చిన ఎయిర్ మందము 11.3 మిల్లీమీటర్లు, బరువు 1.24 కిలోగ్రాములు. మందమును చూచిన 30 శాతము తగ్గినది. బరువును చూచిన 4 శాతమైనను తగ్గలేదు. అనగా 50 గ్రాములు! ఇంతకంటె ఎక్కువ బరువు ఒక మామిడికాయకుండును. పైగా పాత యంత్రము నాగటికర్రువలె ఒక అంచున దళసరిగా, రెండవ అంచున 4.1 మిల్లీమీటర్లకు సన్నగిలియుండెను. బల్లమీద పెట్టినపుడు కంటికెదురుగా నుండునది ఆ సన్నని అంచే. పలుచదనములో కొంత నిజమైన పలుచదనము, కొంత చూపరులకై చేసిన ఏర్పాటు.

అయినను పలుచని యంత్రమును నిర్మించుటలో గల ప్రజ్ఞను తక్కువ చేయరాదు. పలుచని పలక వంగుటకు చూపు ప్రతిఘటన దాని మందము యొక్క ఘనమునకు అనులోమానుపాతములో నుండును. మందము సగమైనచో దృఢత్వము ఎనిమిదవ వంతుకు పడిపోవును. కాగితమును, దళసరి అట్టను చేతులతో వంచి చూచిన విద్యార్థికి ఇది వెంటనే బోధపడును. అల్యూమినియము స్థితిస్థాపక గుణకము 70 గిగాపాస్కల్‌లు. కంప్యూటర్ల పైతొడుగులకు వాడు పాలీకార్బొనేటు ప్లాస్టిక్కుది సుమారు 2.4 మాత్రమే. ఇది దాదాపు 30 రెట్ల తేడా. 30కి ఘనమూలము మూడు కంటె కొంచెము ఎక్కువ. కావున ఒక మిల్లీమీటరు అల్యూమినియపు రేకు ఎంత గట్టిగా నిలుచునో, అంత గట్టిగా నిలుచుటకు మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు కావలెను. అందుచేతనే ఈ తరగతి యంత్రములకు లోహపు శరీరము తప్పనిసరియైనది. 2008 అక్టోబరునుండి ఆపిల్ సంస్థ అల్యూమినియపు దిమ్మను ఒక్కదానినే తీసికొని, లోపలి భాగమును మరతో తొలిచివేసి తొడుగు చేయు పద్ధతిని ప్రకటించినది. ముక్కలను మరలతో బిగించిన చోట వదులు ఏర్పడును. ఒకే ముక్క అయినపుడు ఆ భయము లేదు. ఒక మూల పట్టుకొని ఎత్తినను కిర్రుమనని యంత్రము ఈ పద్ధతి వలననే సాధ్యమైనది. మధ్యరకపు వెలలు గల ల్యాప్‌టాప్‌లలో మూత తెరచునపుడు తెర వణకుట, కీబోర్డు నడుమ పల్లమువలె దిగుట చూచినవారికి ఈ గుణము విలువ తెలియును. ఖరీదులో కొంత భాగము నిజముగా ఇక్కడికే పోవుచున్నది.

ఇక వేడి సంగతి. విచారణలో పెద్ద భాగము దీనిదే.

2015 ఏప్రిలులో ఆపిల్ సంస్థ 12 అంగుళముల తెర గల మాక్‌బుక్‌ను విక్రయమునకు పెట్టినది. వెల 1,299 డాలర్లు. బరువు 0.92 కిలోగ్రాము, గరిష్ఠ మందము 13.1 మిల్లీమీటర్లు. లోపల ఫ్యాను లేదు. ఫ్యాను లేనిచో ధ్వని లేదు, దుమ్మును లోనికి లాగుట లేదు. వేడి మాత్రము లోహపు శరీరము గుండనే పోవలెను. అది ఎంత వేడిని పోనీయగలదో పదవ తరగతి లెక్కతోనే తేల్చవచ్చును. దాని పొడవు 28 సెంటీమీటర్లు, వెడల్పు 19.65 సెంటీమీటర్లు. పైభాగపు వైశాల్యము సుమారు 0.055 చదరపు మీటరు. నిశ్చలమైన గాలిలో వెచ్చని ఉపరితలమునుండి సంవహనము, వికిరణము రెండును కలిసి, ప్రతి చదరపు మీటరునకు, ప్రతి డిగ్రీ ఉష్ణోగ్రతాభేదమునకు సుమారు 10 వాట్ల వేడిని కొనిపోవును. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలుండి, చేతికి కాలకుండ తొడుగు 40 డిగ్రీలవరకు వెచ్చనగుటకు ఒప్పుకొన్నచో భేదము 15 డిగ్రీలు. మూడింటిని గుణించిన 8 వాట్లకు కొంచెము పైగా వచ్చును. అడుగుభాగము బల్లకు ఆనుకొనియుండును గనుక దానివలన సాయము స్వల్పమే. తొడుగు అంతటను వేడి సమానముగా పరచుకొనదు. బ్యాటరీ, ఇతర భాగములును తమ వంతు వేడిని కలుపును. కాబట్టి ప్రాసెసరునకు మిగులునది నాలుగైదు వాట్లు.

ఆ యంత్రములో అమర్చిన ఇంటెల్ కోర్ ఎమ్ ప్రాసెసరు నిర్ణీత వేడి పరిమితి 4.5 వాట్లు. లెక్క ఎంత చక్కగా సరిపోయినదో గమనింపదగినది. రూపకల్పన చేసినవారు తెలియక చేయలేదు. తెలిసియే, ప్రాసెసరు శక్తిని శరీరపు పలుచదనమునకు తగ్గించి కట్టిరి. ఆ ప్రాసెసరు సాధారణ వేగము 1.1 గిగాహెర్ట్జ్‌లు. అవసరమైనపుడు కొద్దిసేపు 2.4 వరకు పరుగెత్తగలదు. ఉత్తరము వ్రాయునపుడు, వెబ్ పుట తెరచునపుడు ఆ కొద్దిసేపే చాలును. దృశ్యచిత్రమును కూర్చునపుడు, పెద్ద గణనము చేయునపుడు అది చాలదు. వేడెక్కగానే వేగము దిగిపోవును. అందువలన ఇది అందరి యంత్రము కాలేకపోయినది. ప్రయాణికులకు ఇష్టమైన ఆ రూపము 2019 జూలైలో విక్రయమునుండి తొలగిపోయినది.

ఆ సంస్థ 2020 నవంబరులో చేసిన పని, పలుచదనమును గూర్చిన చర్చలో అన్నిటికంటె బోధకమైనది. ఆ సంవత్సరము మార్చిలో ఇంటెల్ ప్రాసెసరుతో ఒక మాక్‌బుక్ ఎయిర్ వచ్చినది. అందులో ఫ్యాను కలదు. నవంబరులో వచ్చిన ఎయిర్‌కు శరీరము అదే, మందము అదే, బరువు అదే, బ్యాటరీ కూడ అదే 49.9 వాట్-గంటలది. మారినది ప్రాసెసరు: ఎమ్1 అను పేరుతో ఆ సంస్థ స్వయముగా రూపొందించినది. ఫ్యానును తీసివేసి, దాని స్థానములో వేడిని పరచు అల్యూమినియపు రేకు నుంచిరి. వెబ్ పుటలు చూచుచు ఎంతసేపు పనిచేయునో సంస్థ చెప్పిన లెక్క మార్చి యంత్రమునకు 11 గంటలు, నవంబరు యంత్రమునకు 15 గంటలు. బ్యాటరీ శక్తిని గంటలచే భాగించిన సగటు ఖర్చు తెలియును: మొదటిదానికి 4.5 వాట్లు, రెండవదానికి 3.3 వాట్లు. 2015 నాటి చిన్న యంత్రమునకు ఇదే లెక్క వేసిన (39.7 వాట్-గంటలు, 9 గంటలు) 4.4 వాట్లు వచ్చును. అంతకంటె పెద్ద తెర కలిగియు, ఎన్నో రెట్లు వేగముగా పనిచేసియు, కొత్త యంత్రము తక్కువ శక్తితో నడచుచున్నది.

ఇది ఎట్లు సాధ్యమైనది? ట్రాన్సిస్టర్లు మారునపుడు ఖర్చగు శక్తి వోల్టేజి వర్గమునకును పౌనఃపున్యమునకును అనులోమానుపాతములో నుండును. పౌనఃపున్యము తగ్గించిన, దానితోపాటు వోల్టేజిని కూడ తగ్గించవచ్చును. రెండును ఐదవ వంతు తగ్గినవనుకొనుడు. 0.8ని మూడుసార్లు గుణించిన 0.512. వేగములో నష్టము 20 శాతము, శక్తిలో ఆదా దాదాపు సగము. ఎమ్1లో నాలుగు వేగపు విభాగములు, నాలుగు పొదుపు విభాగములు కలవు. చిన్న పనులను పొదుపు విభాగములు తక్కువ వోల్టేజితో ముగించును. దీనికి తోడు ట్రాన్సిస్టర్ల పరిమాణము తగ్గినది. కోర్ ఎమ్ తయారైన పద్ధతిని 14 నానోమీటర్లదని, ఎమ్1 పద్ధతిని 5 నానోమీటర్లదని పిలుతురు. (ఈ అంకెలు ఇప్పుడు పేర్లుగా మిగిలినవే గాని, ట్రాన్సిస్టరులో ఏ భాగమును కొలిచినను ఆ కొలత రాదు.) ఎమ్1లో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లు గలవు.

అయినను శరీరపు లెక్క మారలేదు. ఈ ఎయిర్ పైభాగపు వైశాల్యము 0.065 చదరపు మీటరు. పై పద్ధతిలోనే గుణించిన 10 వాట్లకు లోపుగానే వచ్చును. అదే ఎమ్1 ప్రాసెసరును ఫ్యానుతో సహా అమర్చిన 13 అంగుళముల మాక్‌బుక్ ప్రో కూడ అప్పుడే వచ్చినది. కొద్ది నిమిషముల పనులలో రెండును సమానము. పని సాగినకొలది ఎయిర్ వెనుకబడును, ఫ్యాను గలది నిలకడగా నుండును. ప్రకృతి నియమము ఎమ్1కు మినహాయింపు ఇయ్యలేదు. పరిమితికి లోబడి జరుగు పని మాత్రము పెరిగినది. వినియోగదారులకు లభించిన లాభము పలుచదనము వలన వచ్చినది కాదు. పలుచదనము అంతకుముందెంతయో అంతయే. లాభము సిలికాను పలకనుండి వచ్చినది. ఈ భేదమును ప్రకటనలు చెప్పవు.

ఆంధ్రదేశములోను తెలంగాణములోను ఈ లెక్కకు మరొక మాట చేర్చవలెను. ఈ యంత్రములను 10 నుండి 35 డిగ్రీల వాతావరణములో వాడవలెనని తయారీదారులే నియమము పెట్టిరి. రెంటచింతల, రామగుండము సంగతి అటుంచి, సాధారణ పట్టణములలో కూడ ఏప్రిలు, మే నెలలలో శీతలయంత్రము లేని గది 35 డిగ్రీలు దాటుట నిత్యానుభవము. గది 35 డిగ్రీలున్నపుడు తొడుగును 40 వద్ద నిలుపవలెనన్న భేదము 5 డిగ్రీలే. 12 అంగుళముల యంత్రపు పైభాగము అప్పుడు పంపగల వేడి 3 వాట్లకు లోపే. మిగిలిన వేడి ఏమగును? తొడుగు చేతికి సుర్రుమనునంతగా కాగును, లేదా ప్రాసెసరు తన వేగము తగ్గించుకొనును. సాధారణముగా రెండును జరుగును. బల్లమీది ఫ్యానును యంత్రముపైకి త్రిప్పిన కొంత మేలు. దుప్పటిమీద, దిండుమీద పెట్టి పనిచేయుట అన్నిటికంటె కీడు. అడుగునుండి పోవు కొద్ది వేడికి కూడ దారి మూసినట్లగును. బ్యాటరీ ఆయువును హరించునది కూడ ఈ వేడియే.

కీబోర్డు కథ దీనికంటె విచారకరమైనది. 2015 మాక్‌బుక్‌లో మందము తగ్గించుటకై, మీటల క్రింద అంతవరకు వాడిన కత్తెరవంటి అమరికను విడిచి, సీతాకోకచిలుక రెక్కలవంటి అమరికను పెట్టిరి. అది 40 శాతము పలుచన అని చెప్పిరి. మీట దిగు లోతు సుమారు అర మిల్లీమీటరునకు పడిపోయినది. లోతు తక్కువైన చోట ధూళికణమునకు కూడ పెద్దరికము వచ్చును. ఒక రేణువు చిక్కుకొన్నచో అక్షరము పడదు, లేదా ఒకటికి రెండు పడును. ఫిర్యాదులు పెరిగి, 2018 జూన్‌లో సంస్థ ఉచితముగా మరమ్మతు చేయు ఏర్పాటు ప్రకటించినది. అమెరికాలో వినియోగదారులు వేసిన వ్యాజ్యములో 2022లో 5 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. 2019 చివరినుండి కత్తెర అమరిక, ఒక మిల్లీమీటరు లోతు తిరిగి వచ్చినవి. అర మిల్లీమీటరును సంపాదించుటకు పెట్టిన ప్రయత్నము నాలుగేండ్ల తరువాత వెనుకకు తీసికొనబడినది. చెప్పవలసిన మాట మరొకటి కలదు. ఆ యంత్రములలో కీబోర్డు పైతొడుగుతో కలిసిపోయియుండును. వానిలో కొన్నింటిలో బ్యాటరీ కూడ దానికే అంటించబడియుండును. అట్టివానిలో ఒక్క మీట మొరాయించినచో తొడుగు, కీబోర్డు, బ్యాటరీ మూడింటిని కలిపి మార్చవలసివచ్చెను. చెప్పు తెగినచో కాలు మార్చినట్లున్నది!

పోర్టుల కొరతను గూర్చి ఎక్కువ చెప్పనవసరము లేదు. 2015 యంత్రమునకు బ్యాటరీ నింపుటకును, ఇతర పరికరములు తగిలించుటకును కలిపి ఒకే పోర్టు. ఎమ్1 ఎయిర్‌కు రెండు, రెండును ఎడమవైపే. తరగతిగదిలోని ప్రొజెక్టరుకు కలుపవలెనన్న మధ్యలో మరొక తునక కొనవలెను, ఆ తునకను ఇంటివద్ద మరువకుండవలెను.

మరమ్మతు విషయములో ఎమ్1 యంత్రము కూడ తప్పించుకొనజాలదు. మెమరీ పెంచుటకు వీలులేదు. సమాచారము నిలువచేయు చిప్పులు కూడ ప్రధాన పలకకు సోల్డరు చేయబడినవి. మెమరీ ప్రాసెసరునకు ఆనుకొనియుండుట వలన వేగము, శక్తి పొదుపు లభించుననుట నిజమే. ఆ వాదమును త్రోసిపుచ్చరాదు. నిలువ చిప్పులకు మాత్రము ఆ వాదము వర్తించదు. అవి విడిగా నుండియు వేగముగా పనిచేయుచున్న ల్యాప్‌టాప్‌లు అనేకము గలవు. పైగా వానిలోని సమాచారము ఆ ప్రాసెసరు మాత్రమే విప్పగల రహస్యలిపిలో నుండును. దొంగకు అది అడ్డు. ప్రధాన పలక చెడినపుడు యజమానికి కూడ అదే అడ్డు. ఒక సంవత్సరపు పాఠములు, మార్కుల పట్టికలు అందులోనే యుంచుకొని వేరొక నకలు పెట్టుకొనని ఉపాధ్యాయునికి, పలక పోయిననాడు అవన్నియు పోయినట్లే.

పలుచదనము కావలెనన్న ఇదంతయు భరింపవలసినదే గదా అని కొందరందురు. అది సరికాదు. 2021లో ఫ్రేమ్‌వర్క్ అను అమెరికా సంస్థ ఒక ల్యాప్‌టాప్‌ను విడుదల చేసినది. మందము 15.85 మిల్లీమీటర్లు, బరువు 1.3 కిలోగ్రాములు, ఎమ్1 ఎయిర్‌తో దాదాపు సమానము. అందులో మెమరీ, నిలువ సాధనము, బ్యాటరీ, కీబోర్డు, తెర, పోర్టులు సహా కొన్నవారే ఒక చిన్న స్క్రూడ్రైవరుతో మార్చుకొనవచ్చును. దానికి ఫ్యాను కలదు, దాని చప్పుడు కలదు. ఇంటెల్ ప్రాసెసరు గనుక బ్యాటరీ ఎయిర్‌కు వచ్చినంత సేపు రాదు. ఇవి చిన్న లోపములు కావు. కాని 16 మిల్లీమీటర్లలోనే విప్పుటకు వీలైన యంత్రమును చేయవచ్చునని అది రుజువుచేసినది. కావున విప్పుటకు వీలులేకుండ చేయుట పలుచదనము కోరిన త్యాగము కాదు. తయారీదారు ఎన్నుకొన్న మార్గము.

వెల సంగతి కూడ దీనితో ముడిపడియున్నది. 2020 నవంబరులో ఎమ్1 ఎయిర్ భారతదేశములో 92,900 రూపాయలకు వచ్చినది, మెమరీ 8 గిగాబైట్లు. తరువాత పెంచుకొనుటకు వీలులేదు గనుక, నాలుగైదేండ్ల తరువాతి అవసరమును కొన్ననాడే ఊహించి, 16 గిగాబైట్లకు అదనపు సొమ్ము చెల్లించవలసియుండెను. 2025 మార్చిలో 99,900 రూపాయలకు వచ్చిన ఎమ్4 ఎయిర్‌లో మొదటినుండియే 16 గిగాబైట్లున్నవి. పాత లోపమొకటి దీనితో చాలవరకు తీరినది. నిలువ చిప్పులు మాత్రము ఇప్పటికిని పలకకే అతికియున్నవి.

ఊరూరు తిరుగు ఉపన్యాసకునికి, విద్యుత్తు నిలకడలేని చోట దినమంతయు వ్రాసికొనువానికి, నిశ్శబ్దముగా పనిచేయు ఈ తరగతి యంత్రము చెల్లించిన సొమ్మునకు తగినదే. గంటలకొలది గణనములు, దృశ్యచిత్రముల కూర్పు చేయువారు అదే ప్రాసెసరు గల, ఫ్యాను గల దళసరి యంత్రమును కొనుట మేలు. పాఠశాల ప్రయోగశాలకు మాత్రము ఇది తగదు. అక్కడ యంత్రము బల్లమీదనే యుండును, దాని మందమును కొలుచువారు లేరు. ముప్పదిమంది పిల్లలు రోజూ మీటలు నొక్కుదురు, సుద్దపొడి గాలిలో తేలుచుండును, మే నెలలో గది 40 డిగ్రీలకు చేరును. ఆ గదికి 20 మిల్లీమీటర్లు దాటిన మందముతో, కీబోర్డును విడిగా మార్చుకొనుటకు వీలైన యంత్రములు ఎయిర్ వెలలో సగమునకే దొరకుచున్నవి.